సాక్షి గీత మీద నా చేవ్రాలు

ఆ డిసెంబరులో మా ఫ్యాక్టరీ లంచ్ రూంలో అందరూ కలిసి ఒకే మనిషిని తిట్టేవారు. అతను మాలో ఎవరికీ తెలియదు. మా ఊరికి గంట దూరంలో ఉన్న పెద్ద నగరపు బేస్‌బాల్ టీంలో పిచర్. పిచర్ అంటే, క్రికెట్‌లో బౌలర్ చేసే పని అక్కడ చేసేవాడు. ఐదేళ్ళకు కొన్ని మిలియన్లు ఇస్తామని టీం వాళ్ళు కాగితం పంపితే, అతను చదివి, వద్దని తిప్పి పంపాడు. ఆ వార్త పేపర్లో వచ్చిన రోజు నుంచి మా వాళ్ళకు శాండ్‌విచ్ సహించడం మానేసింది.

ఎనభైల మొదటి సంవత్సరాలవి. న్యూజెర్సీలో, ఎడిసన్‌కి పావుగంట దూరంలో, పంపులు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో నేను డిజైన్ ఇంజనీరుని. గ్రీన్ కార్డు వచ్చి రెండేళ్ళయింది. ఇంజనీర్లు సాధారణంగా మేడ మీదే, డెస్కుల దగ్గరే తినేవారు. నేను మాత్రం కిందికి వెళ్ళి పనివాళ్ళతో కూర్చునేవాణ్ణి. మా తాతగారు పండగ రోజున పాలేళ్ళ పంక్తిలో కూర్చుని భోంచేసేవారట. దాన్ని నేను రోజూ పాటిస్తున్నానని అనుకునేవాణ్ణి.

"బంతి విసిరినందుకు మిలియన్లు! అవీ చాలవట దొరగారికి!" అన్నాడు ఒక వెల్డర్. "మా ఆవిడ నా మీదికి ప్లేట్లు విసురుతుంది. ఒక్కసారి కూడా గురి తప్పలేదు. మరి ఆమెకి ఎవడిస్తున్నాడు?"

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. నాకు అది నిజంగానే రోత కలిగించే విషయం.

"ఇచ్చినదాన్ని మర్యాదగా పుచ్చుకోవడం తెలియాలి" అన్నాను. "ఇంకా కావాలని చెయ్యి చాచేవాణ్ణి మా వైపు వేరే పేరుతో పిలుస్తారు."

"ఏ పేరుతో, మహారాజా?" అన్నాడు టూల్ రూం పెద్దాయన.

అరవైకి దగ్గర పడ్డ మనిషి. పనిముట్లు పదును పెట్టడం, అచ్చులు తయారుచేయడం ఆయన పని. కుడి భుజం ఎడమదానికంటే కొంచెం కిందికి ఉండేది. పై అరలో ఉన్నదేదైనా కావాలంటే ఎడమ చేత్తోనే అందుకునేవాడు. నేను చేరిన కొత్తలో మాటవరసకు మా తాతగారికి ఏనుగు ఉండేదని చెప్పాను. ఆనాటి నుంచి ఆయనకు నేను మహారాజానే. ఏనుగు మాట అబద్ధం కాదు. నేను పుట్టేసరికి ఏనుగు లేదు, దాన్ని కట్టేసిన గొలుసు మాత్రం ఉండేది.

"ముష్టివాడు అంటారు" అన్నాను.

ఆయన కాఫీ తాగి, మూతి తుడుచుకుని, తీరిగ్గా అడిగాడు. "ముష్టివాడు ఎప్పుడైనా వద్దంటాడా, మహారాజా? వీడు మిలియన్లు వద్దన్నాడు కదా!"

ఈసారి అందరూ నన్ను చూసి నవ్వారు. నేను గడియారం చూసుకుని లేచాను.

అదే వారం, బుధవారం నాడు, బాస్ నన్ను తన గదికి పిలిచారు. పంపు లోపల తిరిగే కడ్డీ చుట్టూ నూనె కారకుండా పట్టి ఉంచే ఒక సీల్‌ని అంతకుముందు ఏడాది నేను డిజైన్ చేశాను. అది బాగా నిలబడింది, బాగా అమ్ముడుపోయింది. అందుకు సంతోషించి, జీతం పెంచుతూ, ఐదేళ్ళకు ఒక కాంట్రాక్ట్ రాయించానని చెప్పి, నాలుగు పేజీల కాగితాల కట్ట నా ముందుకు జరిపారు.

"ఇంటికి తీసుకెళ్ళండి. మీ ఆవిడతో మాట్లాడండి. సోమవారం ఇస్తే చాలు."

"అక్కర్లేదు సర్" అన్నాను. జేబులోంచి పెన్ను తీశాను. ఆఖరి పేజీ తిప్పి, ఆయన ముఖం చూస్తూ సంతకం పెట్టేశాను.

ఆయన తెల్లబోయారు. "చదవరా?"

"మీరిచ్చారు. అది చాలు."

ఇంకేదో అనబోయారు గాని, అంతలో ఫోన్ మోగింది. ఒక చేత్తో ఫోన్ అందుకుని, రెండో చేత్తో కాగితాలను ఫోల్డర్‌లో పెట్టేశారు. నేను మెట్లు దిగుతున్నప్పుడు నా వెన్ను ఎంత నిటారుగా ఉందో ఇప్పటికీ గుర్తుంది.

మా ఇంటి పద్ధతి అది. ఒక మనిషి మన ముందు కాగితం పెట్టినప్పుడు, అతని ఎదుటే దాన్ని చదవడమంటే నువ్వు దొంగవని ముఖం మీద అన్నట్టు. మా తాతగారు సంతకం అనేవారు కాదు, చేవ్రాలు అనేవారు. దివాణంలో గుమస్తా కాగితం తెచ్చి, ఏటవాలు రాతబల్ల మీద పరిచి, చేవ్రాలు ఎక్కడ చేయాలో అక్కడ వేలు పెట్టేవాడు. తాతగారు ఆ వేలి పక్కనే రాసేవారు. కళ్ళు మాత్రం కాగితం తెచ్చిన మనిషి మీదే ఉండేవి. నాన్నగారూ అలాగే చేశారు. జమీ పోయింది, గుమస్తా పోయాడు, వేలు పెట్టేవాడు లేకుండా పోయాడు. అయినా నాన్నగారు రైసు మిల్లు భాగస్తుడు తెచ్చిన కాగితాల మీదా, బ్యాంకు కాగితాల మీదా ఎదుటివాడి ముఖం చూస్తూనే సంతకాలు పెట్టారు. నేను హైస్కూలుకు వచ్చేసరికి మాకు మిగిలింది కలాలు పెట్టుకునే ఒక వెండి కలందాను. నాన్నగారిని మోసం చేసినవాళ్ళని మనసులో చాలాసార్లు తిట్టుకున్నాను. ఆయన చదివి ఉండవలసిందని ఒక్కసారి కూడా అనుకోలేదు.

ఆ సాయంత్రం నా భార్యకు శుభవార్తగానే చెప్పాను. ఆమె వంకాయలు వేయిస్తోంది.

ఆమె బడిపంతులుగారి అమ్మాయి. కంటబడిన ప్రతి అక్షరాన్నీ చదివే మనిషి. సబ్బు పెట్టె వెనక ఏముందో, బస్సు టిక్కెట్టు వెనక ఏముందో అన్నీ ఆమెకు తెలుసు. విశాఖపట్నంలో ఫార్మసీ చదివింది. ఇక్కడ లైసెన్సు రావాలంటే పరీక్ష పాసై, ఏదైనా ఆసుపత్రి మందుల విభాగంలో ఇన్ని గంటలని శిక్షణ పూర్తి చేయాలి. పరీక్ష రెండోసారికి పాసైంది. రోజూ రెండు బస్సులు మారి శిక్షణకు వెళ్ళేది. పూర్తయిన గంటలు రాసి పైవాళ్ళ చేత సంతకం పెట్టించుకునే కార్డు ఒకటి ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతంతో అతికించి ఉండేది. ఇంకో ఏడు నెలల్లో అయిపోతుంది. వేరే రాష్ట్రానికి వెళితే మళ్ళీ మొదటికి వస్తుందని ఆసుపత్రిలో ఆమెకు ముందే చెప్పారు.

వేసవిలో వంట చేస్తూ రేడియోలో ఆటలు విని విని ఆమెకు బేస్‌బాల్ పిచ్చి పట్టింది. ఆ పిచర్ అంటే ప్రత్యేకమైన అభిమానం. శీతాకాలం ఆటలు ఉండవు కనక, పేపర్లో అతని కాంట్రాక్ట్ గొడవలు చదువుకునేది.

"ఐదేళ్ళకి కాంట్రాక్ట్ ఇచ్చారు. సైన్ చేసి వచ్చాను" అన్నాను.

"అబ్బ, మంచి మాట! ఎంత పెంచారేంటి?"

"బాగానే పెంచామన్నారు."

"బాగానే అంటే?"

"కాగితంలో ఉంటుంది."

గరిటె ఆగింది. "ఉంటుంది అంటున్నారేంటండీ? చూళ్ళేదా?"

"ఆయన ఎదురుగా కూర్చుని ఉంటే—"

"చదవకుండానే పెట్టేశారా!"

"మా ఇంట్లో ఎప్పుడూ—"

"మీ ఇంట్లో చదివి ఉంటే మనం ఇప్పుడు మీ ఇంట్లోనే ఉండేవాళ్ళం కదండీ!"

ఆ మాట అన్నాక తనే నాలుక కరుచుకుంది. నేను కంచం ముందు కూర్చుని తినడం మొదలుపెట్టాను. కాసేపటికి ఆమె మెల్లిగా, పేపరు వైపు చూపిస్తూ అంది.

"అతన్ని చూడండి. లాయర్ని పక్కన పెట్టుకుని ఒక్కొక్క లైనూ చదివించుకుంటున్నాడట."

"అత్యాశ."

"ఎవరికి? టీం ఓనర్ ప్రతి ఏడూ టిక్కెట్ రేటు పెంచుతాడు. ఆయన్ని ఎవ్వరూ ఆశపోతు అనరు. బంతి వేసేవాడు నాకింత కావాలంటే మాత్రం అందరికీ మండుతుంది. మీకెందుకండీ అంత మంట? మీ జేబులోంచి ఏమైనా ఇస్తున్నారా?"

"ఒక మర్యాద ఉండాలి" అన్నాను. ఆమె ఇంకొంచెం కూర వడ్డించింది. వంకాయ కూర బాగుంది.

మర్నాడు ఒక అచ్చు కొలతలు సరిచూడటానికి టూల్ రూంకి వెళ్ళాను. పెద్దాయన తలెత్తకుండానే అడిగాడు.

"నిన్న బాస్ గదిలో సంతకం పెట్టావట?"

"పెట్టాను."

"మూడో పేజీ చదివావా?"

నేను అచ్చు వైపు చూశాను. ఆయన సానరాయి ఆపి, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకున్నాడు.

"పోయినేడు ఇద్దరికి అలాంటి కాగితమే ఇచ్చారు. కంపెనీ ఎప్పుడు కోరితే అప్పుడు టెక్సస్ ప్లాంట్‌కి వెళ్ళాలి. మానేస్తే రెండేళ్ళపాటు ఇంకే పంపుల కంపెనీలోనూ చేరకూడదు. ఇద్దరూ ఇప్పుడు టెక్సస్‌లో చెమటలు తుడుచుకుంటున్నారు. నువ్వూ క్రిస్మస్‌కి చొక్కా లేకుండా తిరుగుతావు, మహారాజా."

ఫ్రిజ్ తలుపు మీద కార్డు కళ్ళ ముందుకు వచ్చింది. ఏడు నెలలు.

"అంత మాట రాసి ఉంటే ఆయనే చెప్పేవారు" అన్నాను.

"కాగితం ఇచ్చి చదవమన్నాడు కదా. అదే చెప్పడం. ఇంకెలా చెప్తాడు? పాట కట్టి పాడతాడా?"

కూర్చోమని పక్కనున్న స్టూలు చూపించాడు. మూడేళ్ళలో మొదటిసారి తన గురించి చెప్పాడు. పెన్సిల్వేనియాలో బొగ్గు గనుల ఊరు వాళ్ళది. పద్దెనిమిదేళ్ళకే అతని బంతికి చుట్టుపక్కల ఊళ్ళల్లో పేరుండేదట. ఒక ఆదివారం పెద్ద టీం మనిషి ఒకాయన రైలెక్కి వాళ్ళింటికి వచ్చాడు. వంటింటి బల్ల దగ్గర కూర్చుని, వాళ్ళమ్మ చేసిన 'యాపిల్ పై' అనే తీపి రొట్టె రెండు ముక్కలు తిన్నాడు. తర్వాత జేబులోంచి కాగితం తీశాడు.

"అంత దూరం నుంచి వచ్చాడు, అమ్మ చేతి వంట తిన్నాడు. ఆయన ఎదురుగా కూర్చుని కాగితం చదవడానికి సిగ్గేసింది" అన్నాడు. "పెట్టేశాను. ఆ రోజుల్లో కాగితాల్లో ఒక లైను ఉండేది. టీం వదిలేదాకా నువ్వు వాళ్ళవాడివే, ఇంకెవరికీ ఆడకూడదు. నాకు తెలీదు. నాలుగు వేసవులు చిన్నచిన్న ఊళ్ళల్లో, బస్సుల్లో తిప్పారు. ఇంకో టీం వాళ్ళు నన్ను పెద్ద ఆటలోకి తీసుకుంటామన్నారు. వీళ్ళు కుదరదన్నారు. ఐదో వేసవిలో ఇది పోయింది."

కుడి చెయ్యి పైకెత్తి చూపించాడు. చెవి దాకా వచ్చి ఆగిపోయింది.

"ఇంటికి బస్సు టిక్కెట్టు కొనిచ్చారు. మర్యాదస్తులే" అన్నాడు. "మహారాజా, ఆ పిచర్ కుర్రాడి భుజంలో ఎన్ని బంతులున్నాయో ఎవరికీ తెలీదు. వాడికీ తెలీదు. విసిరిన ప్రతి బంతీ అందులోంచి తగ్గుతుంది. అది పోయాక వాడి ఇంటి ముందు ఎవడూ కాగితం పట్టుకుని నిలబడడు. ఉన్నప్పుడు అడుగుతున్నాడు. నేను అడగలేదు."

ఒక బొగ్గు గని పనివాడి వంటింట్లోనూ మా దివాణంలోనూ ఒకే కారణానికి కాగితం చదవలేదని విన్నప్పుడు నాకు మొదట కొంచెం చిన్నతనంగా అనిపించింది. దాన్ని నేను మా వంశానికి మాత్రమే చెందిన గొప్పతనం అనుకున్నాను. ఏనుగులు లేని ఇళ్ళల్లోనూ ఆ జబ్బు ఉంటుందని తెలియదు.

అయినా అలవాటైన మాటే నోటి నుంచి వచ్చింది. "పెట్టిన సంతకం పెట్టినట్టే. వెనక్కి తీసుకోను."

"నీ ఇష్టం" అన్నాడు సానరాయి మళ్ళీ తిప్పుతూ. "మీ ఆవిడకి చెప్పావా?"

ఆ సాయంత్రమే చెప్పాను. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. రెండు ప్రశ్నలు అడిగింది. ఎప్పుడు పంపిస్తారు, పంపకుండా ఉండే అవకాశం ఉందా అని. తెలియదన్నాను. లేచి ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి, కార్డు తీసి, సొరుగులో పెట్టేసింది. అయస్కాంతం ఒక్కటే తలుపు మీద ఉండిపోయింది.

శుక్రవారం శిక్షణకు వెళ్ళి వచ్చింది, కార్డు తీయలేదు. ఆదివారం పేపరు చుట్టిన రబ్బరు బ్యాండు కూడా విప్పకుండా బల్ల మీదే పడి ఉంది. ఆ ఇంట్లో పేపరు చదవకుండా పడి ఉండటం నేను ఎన్నడూ చూడలేదు. ఆమె నాతో మామూలుగానే మాట్లాడింది. పెరుగు వేయనా అంది. బయట చలిగా ఉంది, స్వెటర్ వేసుకోమంది. నేను ఆ రోజంతా ఆ రబ్బరు బ్యాండు వైపు చూస్తూ గడిపాను. నా మర్యాదకు ధర ఆమె చెల్లిస్తోందని అప్పటికి నాకు అర్థమైంది. మా అమ్మ కూడా అలాగే చెల్లించింది. అప్పుడు అర్థం కాలేదు.

సోమవారం ఉదయం బాస్ సెక్రటరీ నా డెస్కు దగ్గరికి వచ్చింది. మెడలో గొలుసుకు కళ్ళద్దాలు వేలాడదీసుకుని తిరిగే పెద్దావిడ. చేతిలో ఫోల్డర్.

"మిమ్మల్ని ఒక మాట అడగాలి" అంది. "మీరు దేనికి సాక్షి?"

నాకు అర్థం కాలేదు. ఆవిడ ఆఖరి పేజీ తెరిచి చూపించింది. అడుగున మూడు గీతలున్నాయి. ఒకటి కంపెనీ తరఫున, ఒకటి ఉద్యోగి, ఒకటి సాక్షి. నా సంతకం చక్కగా, గుండ్రంగా, సాక్షి గీత మీద ఉంది. ఉద్యోగి గీత ఖాళీగా ఉంది.

"ఎవరూ సంతకం పెట్టలేదు. ఎవరూ పెట్టలేదని చెప్పడానికి మీరు సాక్షి సంతకం పెట్టారు" అంది. ముఖంలో నవ్వు లేదు గాని, కళ్ళద్దాల గొలుసు మాత్రం ఊగుతోంది. "ముప్ఫై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నాను, ఇలాంటిది చూళ్ళేదు. ఇది చెల్లదు. కొత్తది టైప్ చేశాను. రేపటికల్లా సరైన గీత మీద పెట్టి ఇవ్వండి."

గుమస్తా వేలు లేకపోవడం వల్ల జరిగిన పని అది. ఎదుటి మనిషి ముఖం చూస్తూ రాశాను, చెయ్యి ఎక్కడ ఖాళీ తగిలితే అక్కడ రాసింది. మూడు తరాలుగా మమ్మల్ని ముంచిన అలవాటే ఈసారి నన్ను ఒడ్డున పడేసింది.

ఆవిడ వెళ్ళాక బాత్‌రూంలోకి వెళ్ళి ముఖం కడుక్కున్నాను. అద్దంలో చూసుకుంటే నవ్వు వచ్చింది. ఆపుకోలేకపోయాను. లోపల ఇంకెవరో ఉన్నారు. దగ్గినట్టు నటించి బయటికి వచ్చాను. మధ్యాహ్నం వరకు ఒక్క గీత కూడా గీయలేదు. గుండెల మీద నుంచి ఎవరో ఇనప పెట్టె దింపినట్టుంది.

ఆ సాయంత్రం కాగితాలు ఇంటికి పట్టుకెళ్ళాను. జరిగింది చెబితే నా భార్య ముందు నమ్మలేదు. ఆ తర్వాత వంటింటి గోడకు ఆనుకుని, కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వింది. "మీ తాతగారికి దండం పెట్టాలండీ!" అంది. నవ్వయ్యాక పెన్సిల్ తెచ్చింది. బల్ల దగ్గర ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. ఆమె గట్టిగా చదివింది, నేను విన్నాను. మూడో పేజీలో పెద్దాయన చెప్పిన రెండు లైన్లూ ఉన్నాయి. వాటి కింద గీతలు గీసింది.

"ఇవి తీసేయమని అడగండి."

"ఒకసారి ఒప్పుకున్నాను. గీత తప్పింది గాని మాట తప్పలేదు కదా" అన్నాను. ఆ రోజంతా నవ్వు వెనక నన్ను పీకుతున్నది అదే. "ఇప్పుడు వెళ్ళి అడిగితే ఆశపోతు అనుకుంటారు."

"అనుకోనివ్వండి. మీరు ఆ పిచర్‌ని వారం నుంచి అంటున్నారు కదా. అతనికేమైంది? హాయిగా ఉండే ఉంటాడు." పెన్సిల్ బల్ల మీద పెట్టింది. "మాట ఇవ్వొద్దని నేననను. దేనికి ఇస్తున్నారో తెలుసుకుని ఇవ్వండి. ఆ తర్వాత టెక్సస్ అన్నా, ఉత్తర ధ్రువం అన్నా మీ వెనకే వస్తా."

నేను తల ఊపాను.

"ఇంకోటి. జీతం కూడా అడగాలి."

"అది మాత్రం నా వల్ల కాదు."

"ఆ సీల్ ఎవరు చేశారు?"

"నేనే."

"మరి?"

జీతం ఎంత అడగాలో చీటీ మీద రాసింది. అది చూసి ఇంత నేను నోటితో అనలేనన్నాను. అనమంది. అన్నాను. వినపడలేదంది. మళ్ళీ అన్నాను. "ఇంకొంచెం గట్టిగా. పెళ్ళిలో మంత్రాలు కూడా ఇంత నసగలేదు మీరు!" నాలుగోసారికి నా గొంతు నా గొంతులాగే వచ్చింది. అప్పుడు లేచి అన్నం వడ్డించింది.

మర్నాడు బాస్ గదిలో కూర్చుని, కాగితాలు బల్ల మీద పెట్టి, "చదివాను" అన్నాను. ఆ ఒక్క మాట అనడానికి నాకు కలిగిన సంకోచం చెప్పలేను. ఆయన కుర్చీలో వెనక్కి వాలారు.

"హమ్మయ్య" అన్నారు. "పోయిన వారం నాకు భయమేసింది. చదవకుండా సంతకం పెట్టే మనిషి నన్ను మరీ నమ్మి అయినా ఉండాలి, లేదా ఇంకో ఉద్యోగం చూసుకుని ఉండాలి అనుకున్నాను."

పద్ధతి ప్రకారం నేను చేసిన మర్యాద ఆయనకు ఎలా కనిపించిందో అప్పుడు తెలిసింది. మూడో పేజీ తెరిచి, టెక్సస్ వెళ్ళలేనని, నా భార్య చదువు ఇక్కడ ఉందని చెప్పాను. ఆయన పెన్ను తీసి ఆ లైను కొట్టేసి, పక్కన తన పేరు పొడి అక్షరాలు వేశారు. నీళ్ళు తాగినంత సేపు కూడా పట్టలేదు. మా ఇంట్లో ఆదివారం పేపరు విప్పనివ్వని లైను అది. రెండేళ్ళ మాట దగ్గర కాసేపు వాదించి ఆరు నెలలకు తగ్గించారు. అప్పుడు నేను అంకె చెప్పాను. ఆయన కిటికీలోంచి పార్కింగ్ వైపు చూశారు. కాగితం మీద ఇంకో అంకె రాసి నా వైపు తిప్పారు. నాదానికంటే తక్కువ, ఆయన మొదట ఇచ్చినదానికంటే బాగా ఎక్కువ.

అత్యాశ అన్న మాట ఆయన నోట రాలేదు. ముఖంలోనైనా ఉందేమోనని వెతికాను. లేదు. ఆయనకు అది మంగళవారం నాడు చేయాల్సిన పనుల్లో ఒకటి, అంతే. ఇంత కాలం నేను మోసిన బరువును ఎదుటివాళ్ళెవరూ బరువుగా చూడలేదని తెలిసి, సిగ్గుపడాలో సంతోషపడాలో తెలియలేదు. సంతోషమే ఎక్కువ.

"ఈసారి సాక్షి మీరు కాకుండా ఇంకెవరైనా ఉంటే బాగుంటుంది" అన్నారు బాస్. సెక్రటరీ అప్పటికే ఆయనకు చెప్పేసిందన్నమాట.

టూల్ రూం పెద్దాయన్ని పిలిపించమన్నాను. ఆయన గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. నేను ఉద్యోగి గీత ఎక్కడుందో చూసుకుని, కళ్ళు కాగితం మీదే ఉంచి, సంతకం పెట్టాను. కాగితాలు ఆయన వైపు జరిపాను. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, నుదుటి మీద కళ్ళద్దాలు కిందికి దించుకుని, మొదటి పేజీ మొదటి లైను కింద వేలు పెట్టాడు.

"నువ్వు సాక్షివి మాత్రమే. చదవక్కర్లేదు" అన్నారు బాస్ గడియారం చూసుకుంటూ.

"నాకు కొంచెం నిదానం, బాస్" అన్నాడు. వేలు కదులుతూనే ఉంది. నాలుగు పేజీలూ చదివాడు. కొట్టేసిన లైను దగ్గర ఆగి, నా వైపు చూసి, మళ్ళీ చదివాడు. బాస్ కాఫీ చల్లారిపోయింది. నేను నిటారుగా కూర్చుని ఉన్నాను. అంత హాయిగా నేను ఇంకెప్పుడూ కూర్చోలేదు. చివరికి ఆయన కుడి చేత్తో సంతకం పెట్టాడు. ఆ చెయ్యి బల్ల ఎత్తు వరకు బాగానే పనిచేస్తుంది.

ఇంటికి వెళ్ళేసరికి కార్డు ఫ్రిజ్ తలుపు మీద ఉంది. ఆదివారం పేపరు రబ్బరు బ్యాండు విప్పి, బల్ల నిండా పరిచి ఉంది. నా ముఖం చూడగానే ఆమెకు తెలిసిపోయింది. అడగకుండా పేపర్లోకే వంగి, ఆటల పేజీ తిప్పింది.

"ఇంకా పెట్టలేదటండీ సంతకం. రెండో కాగితం కూడా తిప్పి పంపించాడట."

బూట్లు విప్పుతూ, "తొందరేముంది?" అన్నాను. "చదువుకోనీ."